99.9 శాతం అని రాసిన గుడ్డ ఆపరేషన్ థియేటర్‌లో పనికొస్తుందా?

మా నాయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. వారం తర్వాత కుట్ల దగ్గర చీము పట్టింది. నేనప్పుడు బెంగళూరులో కోడ్ రాసుకుంటున్నా. గాబరాలో ఫోన్ తీసి, '99.9 శాతం బ్యాక్టీరియాను చంపుతుంది' అని రాసున్న దుప్పట్లు రెండు ఆర్డర్ పెట్టేశా. అమ్మ ఒకటే తిట్టు: "ప్రొద్దుటూరులో పుట్టి గుడ్డ ఫోన్లో కొంటావేంరా!"

ఆ 99.9 అబద్ధం కాదు. గుడ్డ మీద వెండి పూత ఉంటే, తడి తగిలినప్పుడు వెండి అయాన్లు బయటికొచ్చి బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి. కానీ ల్యాబ్‌లో చేసే మామూలు పరీక్షలో బ్యాక్టీరియాను ఆ గుడ్డ మీద 18 నుంచి 24 గంటలు వదిలేస్తారు. హెర్నియా ఆపరేషన్ మామూలుగా గంటా, గంటన్నరలో అయిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో పాసైన కోడ్ ప్రొడక్షన్‌లో కూడా పాసవ్వాలని లేదు.

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ వాళ్లు రాగి నానో కణాలు పూసిన మాస్కు తయారుచేశారు, సీసీఎంబీలో పరీక్షించారు. మాస్కు గంటలకొద్దీ ముఖం మీదే ఉంటుంది కాబట్టి అక్కడ ఐడియా బాగుంది. థియేటర్ లెక్క వేరు. గాయంలోకి పోయే క్రిములు ఎక్కువగా పేషెంట్ చర్మం మీదివే. అవి గుడ్డను తాకాల్సిన పని కూడా లేదు.

అక్కడ గుడ్డ చేయాల్సింది అడ్డుగా నిలబడటం. మామూలు కాటన్ డ్రేప్ రక్తంతో, సెలైన్‌తో తడిసిందనుకోండి. దీపం వత్తి నూనె పీల్చినట్టు తడి ఇటు నుంచి అటు పోతుంది, దాంతోపాటే క్రిములూ పోతాయి. అందుకే తడి దిగని గుడ్డ కావాలి, స్టెరైల్‌గా ఉండాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2016లో చెప్పింది ఇదే: వాడి పారేసేదైనా, ఉతికి మళ్లీ వాడే నేత గుడ్డయినా పర్లేదు, స్టెరైల్ అయితే చాలు. చర్మానికి అంటించే ప్లాస్టిక్ షీట్లకైతే, క్రిములను చంపే మందు పూసినా సరే, వద్దనే సలహా ఇచ్చింది.

అదే పుస్తకంలో ఇంకో మాట చదివి ఆగిపోయినా. ఆపరేషన్ చోట వెంట్రుకలు గీకొద్దు, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించండి అని ఉంది. బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, క్రిములు వాటిల్లో చేరతాయి.

మా నాయన ముందురోజు రాత్రి ఇంట్లోనే గీక్కున్నాడు. వీకెండ్‌కు ఊరొచ్చి, అంగడికి పోయి ఆ బ్లేడు తెచ్చిచ్చింది నేనే. చీము దానివల్లే పట్టిందని ఎవరూ చెప్పలేరు. నాయన బాగానే ఉన్నాడు, రెండు నెలలు పట్టింది. కానీ వెయ్యి రూపాయల దుప్పట్ల గురించి అంత ఆలోచించినోణ్ని, ఐదు రూపాయల బ్లేడు గురించి నిమిషం కూడా ఆలోచించలేదు.

వచ్చే నెల మా మామకు ఆపరేషన్ ఉంది. మొన్న డాక్టర్‌ను అడిగినా, క్లిప్పర్ ఉందా సార్ అని. ఉందన్నారు. ముందురోజు సబ్బుతో స్నానం చేసి రమ్మన్నారు, అంతే. దుప్పట్లయితే ఇంట్లోనే ఉన్నాయి, ఎండాకాలం మిద్దె మీద పడుకోడానికి వాడుకుంటున్నాం. ఉంటా మరి.