మాంసము కొనుటలో పొదుపు

ఆదివారమునాడు సంచి పుచ్చుకొని కాట్రేనికోన బజారునకు పోవువారు కిలో ధర అడుగుదురు. కూరకుండకు చేరు మాంసమెంతయో కూడ లెక్కించుకొనవలెను. కిలో 140 రూపాయల వంతున 2 కిలోల కోడిని ప్రాణముతో తూయించి కొన్నారనుకొనుడు. ఈకలు, ప్రేగులు పోగా మిగులునది సుమారు 1,400 గ్రాములు; అనగా మాంసము కిలో 200 రూపాయలు పడినది. రొయ్యలకు తలలు, పొట్టు తీసినచో దాదాపు సగము తూకము పోవును.

మేకమాంసము ఎముకతో అరకిలో కొని, దోసకాయ చేర్చి వండినచో, ఎముకల సారము కూరకు దిగి ఐదుగురికి సరిపోవును. అయితే, అందరికి ముక్కలు వడ్డించి, ఇల్లాలు పులుసుతో సరిపెట్టుకొనుట పొదుపు కాదు. ఆమె పాలు ముందుగనే తీసి యుంచుడు.