జరగనిదానికీ ఒక వ్యాకరణం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన కొద్ది సమయంలో నేను వ్యాకరణం గురించి మాట్లాడదలచాను. ఎవరూ లేచి వెళ్లిపోవద్దని మనవి. నేను పండితుణ్ణి కాను, గుమస్తాను. అయితే క్రియాపదం తోకలో ఉన్న రెండక్షరాలు ఫైలును ఎటు తిప్పుతాయో నాకంటే బాగా మీకే తెలుసు.

ఈ ఆలోచన నాకు ఫ్రెంచి పుస్తకం వల్ల కలిగింది. ఫ్రెంచికీ మనకూ ఏమి సంబంధం అనవచ్చు. మన తెలుగు ఊరు యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉండింది. ఇప్పుడు మన మనవలూ మనవరాళ్లూ కొందరు కాలేజీల్లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకుంటున్నారు. మా ఇంట్లో ఉన్న అటువంటి వ్యాకరణ పుస్తకంలో చివరి పేజీల్లో ఒక క్రియారూపం ఉంది. ఇంగ్లీషులో దాన్ని ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ అంటారు.

దాన్ని తయారుచేసే పద్ధతి కష్టమేమీ కాదు. ‘పాడు’ అనే క్రియ వారికి ‘షాంతే’. ‘నీవు పాడితివి’ అనడానికి పుస్తక భాషలో ‘త్యు షాంతా’ అంటారు. ఆ మాట చివర రాతలో ఎస్ అనే అక్షరం ఉంటుంది, పలకరు. దానికి మరొక ఎస్, ఒక ఇ కలిపితే ‘షాంతాస్’ అవుతుంది. అదే మనం చెప్పుకునే రూపం. ‘అతడు’ అన్నప్పుడు మాత్రం ఎస్‌లు పోయి చివర టి వస్తుంది, దాని ముందున్న అచ్చు నెత్తిన చిన్న టోపీలాంటి గుర్తు పెడతారు. ‘మేము’, ‘మీరు’ అన్నప్పుడు అది ‘షాంతాసియోఁ’, ‘షాంతాసియే’ అని సాగుతుంది. ఈ సాగుడు వింటే ఇప్పటి ఫ్రెంచివారికే నవ్వు వస్తుంది.

వాడకం రెండు విధాలు. మొదటిది: ప్రధాన వాక్యం గతంలో ఉండి, దానికి లోబడిన వాక్యం కోరికనో సందేహాన్నో భయాన్నో చెబితే అక్కడ ఈ రూపం వస్తుంది. ‘అతడు రావాలని కోరుకున్నాను’ అన్నచోట ‘రావాలని’ అన్నదానికి పాత పద్ధతిలో ‘కిల్ వేఁ’ అనాలి. ఇప్పుడు మాటల్లో అందరూ వర్తమాన రూపంతో ‘కిల్ వియెన్’ అనేస్తారు. రెండవది: జరగని సంగతి చెప్పడానికి. ‘ఆయన బతికి ఉంటే’ అనడానికి ‘సిల్ యు వేక్యు’ అంటారు. అందులోని ‘యు’ అనే సహాయక క్రియ ఈ రూపమే.

మాటల్లో పోయినా ఈ రూపం పుస్తకాల్లో మిగిలింది. పరీక్షల్లో పిల్లలు దీన్ని తప్పితే మార్కులు పోయేవి. చివరికి 1976 డిసెంబరు 28న అక్కడి విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాన వాక్యం గతంలో ఉన్నా, లోబడిన వాక్యంలో వర్తమాన రూపం రాస్తే పరీక్షల్లో తప్పుగా పట్టవద్దని అందులో ఒక అంశం. క్రియాపదానికి కూడా జి.ఓ. వస్తుందని తెలిసి, పాత గుమస్తాగా నాకు సంతోషం కలిగింది.

ఇక మన ఇంటికి వద్దాం. మన వ్యాకరణంలో ‘అయితే’ అనే అర్థాన్ని చేదర్థకం అన్నారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ మాట ఉంది. అంతకు ముందే, 1820లో మన కడపకు ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే తెలుగు పట్టుదలగా నేర్చిన సి.పి. బ్రౌన్ దొర, 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. పరాయివాడు మన భాష నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడతాడో మనం కూడా ఒకసారి చూసుకోవాలి. ఈ మూడు వాక్యాలు వినండి.

వాన పడితే చెరువు నిండుతుంది.
వాన పడి ఉంటే చెరువు నిండి ఉంటుంది.
వాన పడి ఉంటే చెరువు నిండేది.

మొదటిది ముందు జరగబోయేది. రెండవది మనకు తెలియనిది. ఊరికి పోయి చూస్తే తేలుతుంది. మూడవది జరగనిది. వాన పడలేదు, చెరువు నిండలేదు. రెండవ, మూడవ వాక్యాల్లో ‘పడి ఉంటే’ ఒక్కటే. తేడా అంతా చివరి క్రియలో ఉంది. ఫ్రెంచివారు పాత పద్ధతిలో ‘ఉంటే’ దగ్గరే గుర్తు పెడతారు. మనం వాక్యం తోకలో పెడతాం. కాబట్టి తెలుగు వాక్యాన్ని చివరిదాకా వినకుండా తీర్పు చెప్పరాదు.

ఇంకొక విచిత్రం. ‘మా చిన్నప్పుడు ఆ చెరువు ఏటా నిండేది’ అంటాం. అక్కడ ‘నిండేది’ అంటే నిజంగా నిండేది అని. అదే మాట ‘ఉంటే’ తరువాత వస్తే నిండలేదని అర్థం. ఒకప్పుడు అలవాటుగా జరిగినదానికీ, అసలు జరగనిదానికీ మన భాష ఒకే రూపం ఇచ్చింది. రెండూ ఇప్పుడు మన చేతిలో లేనివే.

మన సీమలో ‘పడి ఉంటే’ అనం. ‘పడింటే’ అంటాం. ‘నువ్వు చెప్పింటే నేను వచ్చేవాణ్ణి.’ ‘ముందే పోయింటే బస్సు దొరికేది.’ కోస్తావారు ‘చెప్పుంటే’, ‘వెళ్లుంటే’ అంటారు. రెండూ ‘చెప్పి ఉంటే’ నుండి వచ్చినవే. ఒకటి తప్పు, ఇంకొకటి ఒప్పు అని లేదు.

ఇదంతా పెన్షనర్లకు ఎందుకు అంటారా? మన ఫ్యామిలీ పెన్షన్ నిబంధనలు తీసి చూడండి. ఉద్యోగి చనిపోతే ఎక్కువ రేటు ఎంతకాలం ఇవ్వాలి అని చెప్పేచోట, ఆ ఉద్యోగి బతికి ఉంటే ఫలానా వయస్సు ఏనాటికి నిండేదో ఆ తేదీ ప్రస్తావన ఉంటుంది. అంటే లేని మనిషికి రాని పుట్టినరోజును లెక్కగట్టి, ఆ తేదీ మీద ఒక కుటుంబం భోజనం నిలబెట్టారు. అది చేసేది ఈ జరగని క్రియే.

ఒకసారి ఒక కార్యాలయం నుండి ఒక తల్లికి ఈ నిబంధన తెలుగులో వెళ్లింది. అందులో ‘ఉద్యోగి జీవించి యున్నయెడల వయస్సు నిండు తేదీ వరకు’ అని ఉంది. ఆమె ఆ కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. “ఆయప్ప ల్యాడు కదా నాయనా. ఉంటే ఇస్తామని రాసినారు. ల్యాడు గాబట్టి నాకు ఇంక రాదా?” అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ‘జీవించి యున్నయెడల’ అంటే బతికి ఉన్నాడో లేడో తేలనట్లే కదా! “అట్ల కాదమ్మా, ఆయన బతికింటే ఎప్పటికి ఆ వయసు నిండేదో అంతవరకూ ఇస్తారు” అన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, “ఓ, ఉన్నింటే అన్నమాట” అంది. మా పేజీన్నర డ్రాఫ్టుకు రాని అర్థం ఆమె ఒక్క మాటలో వచ్చింది.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. తెలుగులో ఫైలు నడపాలని చాలామంది శ్రమపడ్డారు. ‘యెడల’, ‘చో’, ‘పక్షంలో’ అనే మాటలు అలా మన కలాలకు అలవాటయ్యాయి. అవి చెడ్డవి కావు. ‘రసీదు పంపనిచో తదుపరి చర్య తీసుకొనబడును’ అంటే అందరికీ అర్థమవుతుంది. జరగబోయేదానికి అవి చాలు. జరగనిదానికి మాత్రం చివరి క్రియ కూడా పూర్తిగా రాయాలి. కాబట్టి నా మనవి మూడు ముక్కలు.

ఒకటి. అర్జీలో జరిగినదాన్ని ‘చేశాను’, ‘పంపాను’ అని తేదీతో రాయండి. ‘పంపి ఉంటాను’ అని రాస్తే మీకే నమ్మకం లేదనుకుంటారు.

రెండు. నష్టం చెప్పేటప్పుడు రెండు సగాలూ రాయండి. ‘ఇంక్రిమెంటు ఆ నెలలోనే మంజూరు చేసి ఉంటే నా పెన్షను ఇంత అయ్యేది’ అనండి. ‘అయ్యేది’ లేకపోతే అడిగేది ఏమిటో తెలియదు.

మూడు. వీలునామాలో ముందు జరగబోయేదే రాస్తాం. ‘నా భార్య నాకన్నా ముందు గతించినయెడల’ అని రాసి, అప్పుడు ఆస్తి ఎవరికి చెందునో వెంటనే చెప్పండి. అక్కడ ‘గతించి ఉంటే చెందేది’ వంటి మాట పడితే పిల్లలు కోర్టుకు పోతారు. దస్తావేజు లేఖరి రాసినది చదివించుకొని, ప్రతి వాక్యం తోక విని, ఆ తరువాతే సంతకం పెట్టండి.

మన సీమవాళ్లకు ఈ క్రియతో చుట్టరికం ఎక్కువ. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో పోయింది. ‘ఇక్కడే ఉండి ఉంటే’ అనే వాక్యాన్ని మన అరుగుల మీద ఎన్నిసార్లు పూర్తిచేశామో లెక్క లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు మీద పడినప్పుడు ‘ఒక్క పూట ముందు తెలిసింటే’ అనని ఇల్లు ఉందా? సర్టిఫికెట్లు, పాసు పుస్తకాలు, పెండ్లి ఫోటోలు తడిసి ముద్దయిన వారు ఈ సభలోనే ఉన్నారు. వారికి ఈ రూపం ఎవరూ నేర్పనక్కరలేదు.

అయినా పిల్లలకు నేర్పాలి. ‘వచ్చింటే’ అని మనవడు అంటే ‘అది మోటు మాట’ అని దిద్దకండి. ‘వచ్చి ఉంటే’ అని రాయడం కూడా చూపించండి, రెండూ ఒకటేనని చెప్పండి. ఫ్రెంచి చదివే పిల్ల ఉంటే ‘మీ పుస్తకంలో ఈ మాట ఎట్లా అంటారు?’ అని అడగండి. ఆమె అక్కడిది చెబుతుంది, మీరు ఇక్కడిది చెబుతారు. ఒక సాయంత్రం ఇద్దరికీ బాగా గడుస్తుంది.

 భోజనాలు సిద్ధమైనట్లు కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.