ఇంట్లో చేరే రేడాన్ వాయువు – తీసుకోవలసిన జాగ్రత్తలు

(ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడే ఇళ్లు కొనుక్కున్నారు. పురుళ్లకో, మనుమలను చూసుకోవడానికో మనం వెళ్లి ఆరేసి నెలలు ఉండి వస్తున్నాము. అక్కడ చాలా ఇళ్లకు నేలమట్టానికి దిగువన బేస్‌మెంట్ ఉంటుంది. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లకు పడక, చిన్నపిల్లలకు ఆటస్థలం అదే. రేడాన్ వాయువు ఎక్కువగా చేరేది కూడా అక్కడే. అందుకే ఈ రోజు దీని గురించి చెప్పదలచాను.

రేడాన్ అంటే ఏమిటి?

మట్టిలో, రాళ్లలో సహజంగా ఉండే యురేనియం క్రమంగా రేడియంగా, దాని నుండి రేడాన్‌గా మారుతుంది. ఈ వాయువుకు రంగు, వాసన, రుచి లేవు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. కాని నేల పగుళ్ల నుండి, పైపుల చుట్టూ ఉన్న సందుల నుండి ఇంట్లోకి వస్తే అక్కడే పేరుకుంటుంది. చలికాలంలో తలుపులు మూసి, లోపల వేడి చేసుకున్నప్పుడు ఇల్లే నేలలోని గాలిని పైకి లాగుతుంది.

దీనిని పీల్చినప్పుడు వెలువడే రేడియేషన్ ఊపిరితిత్తుల కణాలను దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సరు రావచ్చు. అమెరికాలో దీనివల్ల ఏటా సుమారు 21,000 మంది మరణిస్తున్నారని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చేవారికి ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎలా తెలుసుకోవాలి?

దగ్గు, తలనొప్పి వంటి సూచనలేవీ ముందుగా రావు. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలో పనికి వెళ్తే రేడియేషన్ అలారం మోగింది. కేంద్రం ఇంకా ఉత్పత్తి మొదలుపెట్టలేదు. వెతికితే, ఆ రేడియేషన్ ఆయన ఇంటి నుండే వచ్చిందని తేలింది. ఆ ఇంటి గాలిలో లీటరుకు సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ ఉంది. 4 ఉంటేనే సరిచేయించుకోవాలని అమెరికా ప్రభుత్వం చెబుతుంది. ఇల్లు బాగుచేశాక ఆ కుటుంబం తిరిగి అందులోనే కాపురం ఉంది. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, తెలిస్తే బాగుచేయవచ్చు. ఈ రెండూ గుర్తుంచుకోండి.

చేయవలసినవి

1. పరీక్ష కిట్ హార్డ్‌వేర్ దుకాణాలలో తక్కువ ధరకే దొరుకుతుంది. పక్కింట్లో తక్కువ వచ్చిందని ఊరుకోకూడదు. ఇంటింటికీ తేడా ఉంటుంది.

2. మనుషులు మసలే అన్నిటికంటే కింది అంతస్తులో, నేలకు కనీసం రెండడుగుల ఎత్తున కిట్‌ను ఉంచాలి. వంటగది, స్నానాలగది పనికిరావు. కొద్ది రోజుల పరీక్షయితే 12 గంటల ముందు నుండే కిటికీలు మూసి ఉంచాలి.

3. ఫలితం 4 లేక అంతకు మించితే అనుభవం ఉన్నవారిని పిలవాలి. నేల కింద నుండి పైపు వేసి, ఫ్యానుతో ఆ వాయువును ఇంటి కప్పు పైకి పంపిస్తారు. పగుళ్లు పూడ్చడం మంచిదే గాని అదొక్కటే చాలదు. ఫ్యాను పెట్టాక మళ్లీ పరీక్షించాలి. 2కు, 4కు మధ్య ఉన్నా తగ్గించుకోవడం మేలు.

4. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు.

మన ఊళ్ల సంగతి?

రేడాన్ ఇక్కడి నేలలోనూ ఉంటుంది. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో గాలి ఆడి చాలావరకు బయటికి పోతుంది. ఎప్పుడూ మూసి ఉంచే ఏ.సి. గదులను, ముఖ్యంగా కింది అంతస్తులో ఉన్నవాటిని, రోజూ కాసేపు తెరవండి. నేల పగుళ్లను సిమెంటుతో పూడ్చండి. గ్రానైట్ బండలు పరిపించామే అని బెంగపడవద్దు. ఇళ్లలో చేరే రేడాన్‌లో ఎక్కువ భాగం నేల నుండే వస్తుంది.

ఈసారి పిల్లలు ఫోను చేసినప్పుడు యోగక్షేమాలతో పాటు ఈ మాట కూడా అడగండి: "ఇంట్లో రేడాన్ పరీక్ష చేయించారా, నాయనా?" చేయించలేదంటే, చేయించేదాకా అడుగుతూనే ఉండండి.