గుస్సాడీ గురువు కనకరాజు గారు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



కీర్తిశేషులైన పద్మశ్రీ కనకరాజు గారిని గూర్చి కొంచెము ముచ్చటింపుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. పెద్దలను పొగడుట సులభము. వారు మోసిన బరువెట్టిదో తెలిసికొనుట కష్టము. పొగడ్త సభతో ముగియును. బరువు మాత్రము మన భుజములపై నిలుచును. కావున నేనీ దినము ఆ రెండవదానిని గూర్చియే యెక్కువగా మాటలాడ దలచితిని.

కనకరాజు గారిది జైనూరు మండలమందలి మార్లవాయి గ్రామము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాను 2016వ సంవత్సరమున విభజించినప్పుడు ఆ గ్రామము కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. మార్లవాయి మనకు సామాన్యమైన పల్లె కాదు. జోడేఘాటులో కుమురం భీము 1940లో నేలకొరిగిన పిమ్మట, గోండుల కష్టములను విచారించుటకు నైజాము ప్రభుత్వము పంపగా వచ్చిన హైమండార్ఫు పండితుడు నివాసమేర్పరచుకొన్నది అచ్చటనే. గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకై 1943లో పాఠశాల వెలసినదియు అచ్చటనే. ఆయన ధర్మపత్ని బెట్టీ ఎలిజబెత్తు 1987లో మరణింపగా ఆమె సమాధియు ఆ గ్రామమునందే నిర్మింపబడినది. దూరదేశపు పండితుడు మన ఆచారములను గ్రంథములలో వ్రాసి భద్రపరచిన ఆ ఊరినుండియే, వానిని తన కాళ్లలోను భుజములలోను భద్రపరచిన మహనీయుడొకడు బయలుదేరుట గమనింపదగిన విషయము.

ఈ సభకు వచ్చిన మిత్రులలోను, పోషకులలోను మన జాతికి చెందనివారు కొందరున్నారు. వారికొరకు గుస్సాడీ యననేమో సంగ్రహముగా విన్నవించెదను. ఆశ్వయుజ పౌర్ణమి వెళ్లిన తరువాత దీపావళివరకు మన పల్లెలలో దండారీ జరుగును. డప్పులు, పర్ర, గుమేల, పెప్రె మున్నగు వాద్యములను దించి, పూజించి, గ్రామస్థులు ఆటకు సిద్ధపడుదురు. గుస్సాడీ వేషము ధరించువాడు నెమలి పింఛముల కిరీటమును తలదాల్చును. దేహమంతట బూడిద పూసికొనును. భుజమున తోలును, మెడలో పూసల పేరులను, చేత సోటెను ధరించును. దీక్ష ముగియువరకు స్నానమాడడు. ఇది వినోదమునకై కట్టిన వేషము కాదు. ఏత్మాసుర్ దేవరను తలపై మోయు వ్రతము. కడపట కోలబోడి పూజ జరిపి కిరీటమును దింపిన పిమ్మటనే అతడు మరల మనవలె మనుష్యుడగును.

ఈ వ్రతములో శిల్పమును కలదు. అడవిలో రాలిన పింఛములను ఏరి, ఈనెలను సమముగా కూర్చి, ఆడునప్పుడు చెదరకుండ బిగించి కట్టుట అందరికిని చేతగాని పని. అట్టి కిరీటమును మోయుచు మెడ నిలిపి, మోకాలు వంచి, డప్పు మారిన క్షణముననే అడుగును మార్చుట మరింత కష్టము. కంసాలికి సుత్తి యెట్టిదో, సాలెవానికి మగ్గమెట్టిదో, గుస్సాడీకి తన దేహమట్టిది. కనకరాజు గారు ఆ పనిముట్టును ముదిమివరకు సానపట్టిన పనివారు. అందుచేతనే ఆయనను నర్తకుడనుటకంటె పనితనమెరిగిన శిల్పి యనుటయే నాకు ఉచితముగా తోచుచున్నది.

1981వ సంవత్సరము గణతంత్ర దినోత్సవమునకు కనకరాజు గారు గుస్సాడీ బృందముతో ఢిల్లీ నగరమునకు వెళ్లిరి. నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ సమక్షమున ఆడిరి. పల్లె వాకిట ఆడు ఆట రాజధాని వీథిలో కనబడుట ఆనందకరమే. కాని అందులో ఒక చిక్కును కలదు. దండారీ ఒక ఊరివారు మరియొక ఊరికి అతిథులై వెళ్లి ఆడునది. అచ్చట చూచువారును ఆడువారును చుట్టములే. ఆ రాకపోకలలోనే పెండ్లి సంబంధములు కుదురును, పాత తగవులు తీరును. ఢిల్లీలో చూచువారు చుట్టములు కారు; ఆట కొన్ని నిమిషములలో ముగియవలెను. దేవరను మోయువాడు అచ్చట బొమ్మగా మారునేమోయను భయము నాడును పెద్దలకు కలుగదగినదే, నేడును మనకు కలుగదగినదే.

కనకరాజు గారి జీవితమే దానికి సమాధానమని నా తలంపు. ఆయన ఢిల్లీకి వెళ్లిరి. మరల మార్లవాయికి వచ్చిరి. వేదిక ఆయనకు అతిథిగృహము. ఇల్లు మాత్రము దండారీయే. 1981 మొదలు లెక్కించినను నలువది సంవత్సరములకు పైగా ఆయన గుస్సాడీని విడువలేదు. యువకులను చేరదీసి అడుగులు నేర్పిరి. ఈనాడు సభలలోను, ఉత్సవములలోను ఆడుచున్న బృందములలో ఆయన శిక్షణ పొందినవారు అనేకులు. గుస్సాడీ రాజు అని జనులాయనను పిలుచుకొనిరి. అది ఏ సర్కారును ఇచ్చిన బిరుదు కాదు.

ఇక ఆయన సంసార విషయము. కళాకారుడు ఇల్లు పట్టనివాడని లోకములో ఒక మాట కలదు. కనకరాజు గారియెడ అది చెల్లదు. ఆయనది పెద్ద కుటుంబము. దానిని పోషించుటకు ఆయన ఆశ్రమ పాఠశాలలో దినకూలిపై వంటపని చేసిరి. గోండు పిల్లలు చదువుకొను చోట ఆయన అన్నము వండి పెట్టిరి. పిల్లల కడుపు నింపిన చేతులే పండుగనాడు సోటె పట్టినవి. ఈ రెండును వేరువేరు పనులని నేను తలపను. ఇంటివారికొరకును, ఊరివారికొరకును అలసట నెంచక పాటుపడుటయే రెండింటికిని మూలము.

2021వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. ఆ యేటి నవంబరు మాసమున రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందు గారి చేతులమీదుగా ఆయన దానిని స్వీకరించిరి. అనారోగ్యముచే 2024 అక్టోబరు 25న ఆయన పరమపదించిరి. దీపావళికి ఇంకను ఆరు దినములున్నవి. పల్లెలలో దండారీ డప్పులు మ్రోగుచున్నవి. ఆ డప్పుల నడుమనే ప్రభుత్వ లాంఛనములతో మార్లవాయిలో అంత్యక్రియలు జరిగినవి. ఆ సంవత్సరము జూను మాసముననే కోయ డోలు కళాకారులు పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారును మనలను విడిచిరి. ఒక్క యేటిలో ఇద్దరు పెద్దలు పోయిరి.

సోదరులారా! మన దుఃఖము న్యాయమైనదే. కాని దుఃఖించి యూరకుండిన ఆయన ఋణము తీరదు. ఈ సభవారి యోచనకు మూడు విషయములు మనవి చేసెదను.

మొదటిది: కిరీటము గౌరవము. ఈ కాలమున ఏ ప్రారంభోత్సవమైనను, ఎవరికి స్వాగతమైనను గుస్సాడీని నిలువబెట్టుట వాడుకయైనది. పిలిచినవారికి అది ముచ్చట, మనకది దేవర. వేదిక వలదని నేననను. కనకరాజు గారే వేదిక నెక్కిరి. కాని ఎచ్చట ఆడవలెను, ఎచ్చట ఆడరాదు అనునది ఊరి పట్లాయును కటోడాయును కూర్చుండి నిర్ణయింపవలెనుగాని, పిలిచినవారు నిర్ణయింపరాదు.

రెండవది: వాద్యకారుల మర్యాద. డప్పు లేక అడుగు లేదు. పెప్రె లేక డప్పునకు ప్రాణము లేదు. ఏ దరువు ఏ ఘట్టమునకు చెందినదో తెలిసిన వృద్ధులు, కథలను నోటనుంచుకొన్న పర్ధానులు, తోటులు మన పల్లెలలో ఇంకను ఉన్నారు. వారు జీవించియుండగనే వారియొద్ద కూర్చుండి నేర్చుకొనుడు, వారి మాటను వ్రాసికొనుడు. శాలువ శవముపై కప్పుటకంటె సజీవుని భుజముపై కప్పుట మేలు.

మూడవది: బాలుర శిక్షణ. చదువు వలదని ఏ తండ్రియు అనడు. కాని దూరపు వసతి గృహములలో చదువు పిల్లవాడు దండారీ దినములలో ఇంటికి రానిచో అడుగు వానికి రాదు. ఆ దినములలో పిల్లలను ఇంటికి రప్పించుట తల్లిదండ్రుల విధి. పాఠశాలాధికారులు ఆ దినములలో సెలవు నొసంగునట్లు కోరుట ఈ సంఘము విధి.

ధనవంతులైన పోషకులు ఈ మూడు కార్యములకు చేయూత నిచ్చినచో అది రాతి విగ్రహముకంటె గొప్ప స్మారకమగును. విగ్రహము నిలుచును గాని ఆడదు.

కనకరాజు గారు మనకు మాన్యములు, మేడలు విడిచిపోలేదు. చక్కగా నేర్చిన అడుగును, ఎన్నడును తేలికచేయని వ్రతమును విడిచిపోయిరి. వచ్చు దీపావళికి మీ మీ ఊళ్లలో డప్పు మ్రోగునప్పుడు ఒక్క బాలుని చేయి పట్టి వరుసలో నిలుపుడు. వాని మొదటి అడుగు తప్పినను నవ్వకుడు, రెండవది నేర్పుడు. అదియే ఆయనకు మన తర్పణము.