మెరిదాలో ఒక పూట భోజనం

మెక్సికోలో యుకతాన్ రాష్ట్ర రాజధాని మెరిదా. మన కోస్తాలాగే ఉక్కపోసే ఊరు. అక్కడ హోటల్లో కూర్చుంటే ముందు ఏం అడగాలి? కొచినీతా పిబిల్ అడగాలి. పంది మాంసానికి జాఫ్రా గింజల ముద్ద, పుల్లనారింజ రసం పట్టించి, అరిటాకులో చుట్టి, నేలలో తవ్విన గుంతపొయ్యిలో మగ్గబెడతారు. మాయా భాషలో ‘పిబ్’ అంటే ఆ గుంతపొయ్యే.

పక్కనే వేడివేడి టోర్టియాలు వస్తాయి. ఇవి మొక్కజొన్న రొట్టెలు. గింజల్ని సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నం వల్లే పిండి ముద్ద కడుతుంది. సున్నం వల్లే గింజలోని బి3 విటమిన్ ఒంటికి పడుతుంది.

ఇక హబనేరో మిరపకాయల పచ్చడి. మన గుంటూరు మిరపను మించిన ఘాటు. అసలు మన మిరపకు పుట్టిల్లు మెక్సికోయే. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరింది.

అందుకే మెక్సికన్ హోటల్‌కు ఎక్కడ వెళ్లినా రెండు మాటలు గుర్తుంచుకోండి. మొక్కజొన్న టోర్టియానే అడగండి. పచ్చడి మాత్రం కాస్త నాలుకకు రాసుకుని చూశాకే వడ్డించుకోండి.