చిన్న చెక్కుడు యంత్రానికి ఎంత కంప్యూటరు కావలెను?
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఈ మధ్య మన పిల్లలలో ఒక కొత్త ఉత్సాహం పుట్టినది. బల్లమీద పెట్టుకొనే చిన్న సి.ఎన్.సి. యంత్రం కొని చెక్కమీద పేర్లు, బొమ్మలు చెక్కవలెనని. ఎక్కువమంది కొనేది 3018 అనే రకం. 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కగలదు గనుక దానికా పేరు. సంతోషమే. కాని యంత్రం ఇంటికి వచ్చిన మరునాడే, “నాన్నా, దీన్ని నడపడానికి మంచి కంప్యూటరు కావాలి” అని రెండో కోరిక వస్తుంది. అప్పుడు యంత్రం ఖరీదుకు రెండింతలు కంప్యూటరుకే పోయే ప్రమాదమున్నది. జేబు తడుముకొనేముందు కొంచెం విచారించవలెనని నా మనవి.

మగ్గం ఎరిగిన షోలాపురం వారికి ఈ విషయం చెప్పడం సులభం. 1804లో ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన చిల్లుల అట్టలతో నడిచే మగ్గాన్ని తయారుచేశాడు. మన దుప్పట్లమీది పువ్వులకు మూలం అదే గదా. పువ్వు గీసేవాడు వేరు, అట్టలకు చిల్లులు కొట్టేవాడు వేరు, అట్ట చెప్పినట్లు పడుగు పోగులెత్తే మగ్గం వేరు. మగ్గానికి పువ్వంటే ఏమిటో తెలియనక్కరలేదు. ఇక్కడా అంతే. బొమ్మ గీసి దానిని జి-కోడ్ అనే వరుసలుగా మార్చడం ఒక పని. ఆ వరుసలను ఒక్కొక్కటిగా అందించడం మరొక పని. వాటి ప్రకారం మోటార్లకు విద్యుత్ సంకేతాలు కొట్టడం మూడో పని. మూడింటినీ ఒకే కంప్యూటరు నెత్తిన పెట్టబోతేనే ఖర్చు పెరిగేది.

కష్టమైనది మూడో పని. ఇందులోని స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. ఒక్కొక్క అడుగును 16 భాగాలు చేస్తే చుట్టుకు 3200 సంకేతాలు. మరచుట్టు ఒకసారి తిరిగితే 4 మిల్లీమీటర్లు జరుగుతుందనుకొంటే, మిల్లీమీటరుకు 800. సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో పోతే సెకనుకు 16,000 సంకేతాలు! అవి సమానమైన ఎడంతో పడాలి. ఒకటి ఆలస్యమై, వెనుకవి గుంపుగా వచ్చి పడితే మోటారు తడబడి కొన్ని అడుగులు తప్పుతుంది. తప్పినట్లు దానికి తెలియదు. పేక తప్పిన గుడ్డలాగ, అక్కడినుండి పనంతా పక్కకు పోతుంది.

మరి వేగమైన కంప్యూటరు కొంటే సరిపోదా? సరిపోదు. నేను టిక్కెట్ల కిటికీవద్ద కూర్చొనేవాణ్ణి గనుక ఆ ఉపమానమే చెబుతాను. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా, ఒకరికి చిల్లర లెక్కపెడుతున్నప్పుడు వచ్చిన రెండోవాడు ఆగక తప్పదు. పెద్ద కంప్యూటరు వంద పనుల గుమాస్తా. ఈ మోటారు ఆగలేదు.

అందుకని ఆ పనికి ఒక చిన్న పలకను కేటాయించినారు. ఆర్డునో ఊనో అనే పలకలోని చిప్పుకు 16 మెగాహెర్ట్జుల వేగం, 2 కిలోబైట్ల జ్ఞాపకం మాత్రమే. అయినా 2009లో ప్రారంభమైన గర్బల్ అనే ఉచిత ప్రోగ్రాము దానిలో ఉండి, సెకనుకు 30,000 సంకేతాలవరకు తడబడకుండా కొట్టగలదు. దానికి వేరే పని లేదు, అదే దాని బలం. 3018 యంత్రాలతోపాటు సాధారణంగా ఇటువంటి పలకే వస్తుంది.

పాత పద్ధతి కూడా ఒకటున్నది. పాత ప్రింటర్ల పారలల్ పోర్టు ఉన్న కంప్యూటరులో లినక్స్ సి.ఎన్.సి. పెట్టి దానిచేతనే సంకేతాలు కొట్టించడం. మంచిదే, కాని ముందుగా అందులోనే ఉండే జాప్యపరీక్ష నడిపి చూడవలెను. జాప్యం 20 మైక్రోసెకండ్ల లోపుంటే శ్రేష్ఠం, 100 దాటితే ఆ ఆశ వదులుకోవడం మంచిది. ల్యాప్‌టాపులు తరచు ఇక్కడే ఓడిపోతాయి. యు.ఎస్.బి.నుండి పారలల్‌కు మార్చే తీగ కొంటే పని జరుగుతుందని అంగడివాడు చెబితే నమ్మవద్దు, జరగదు.

ఇక వరుసలు అందించే పని. మన తెలుగు అక్షరాలన్నీ వంపులే. ఒక్క ‘ఋ’ చెక్కడానికి వందలకొద్దీ పొట్టి గీతలు కావచ్చు. అయినా గర్బల్ తీగమీద సెకనుకు సుమారు 11,500 అక్షరాలు పోతాయి. వరుసకు 20 అక్షరాలనుకొంటే 500 వరుసలకు పైమాటే. ఇంత అందించడానికి మూలపడిన పాత ల్యాప్‌టాపు చాలును. లేదా 1 గిగాబైటు జ్ఞాపకమున్న రాస్ప్‌బెర్రీ పై 3 చాలును. బొమ్మలు గీయడం మాత్రం కొంచెం గట్టి కంప్యూటరుమీద హాయిగా ఉంటుంది. ఆ పని స్నేహితుని ఇంట్లో చేసుకొని ఫైలు తెచ్చుకొనవచ్చు, ఎవరూ కాదనరు.

అయితే పాతదానిలో రెండు విషయాలు చూడండి. చెక్కుతుండగా అది నిద్రపోకుండా, తనంతట తాను ఆగి మళ్లీ మొదలుకాకుండా ఏర్పాటు చేయవలెను. గర్బల్ పదిహేను పదహారు కదలికలకు మించి దాచుకొనలేదు. అందింపు ఆగితే యంత్రం నిలిచిపోతుంది, ములుకు మాత్రం అక్కడే తిరుగుతూ చెక్కను మాడుస్తుంది. రెండవది, చెక్కే మోటారు రొద తీగలోకి దూరి సంబంధం తెగగొట్టవచ్చు. పొట్టిదైన, కవచమున్న యు.ఎస్.బి. తీగ వాడి, దానిని మోటారు తీగలకు దూరంగా ఉంచండి.

మిగిలిన డబ్బుతో కళ్లకు అద్దాలు, చేతికందేచోట ఒక ఎర్ర ఆపుబొత్తాం కొనండి. బిగించిన తరువాత మొట్టమొదట పేరు చెక్కించవద్దు, ఒక పెద్ద సున్న చెక్కించండి. మొదలుపెట్టినచోటికే వచ్చి కలిసిందా, ఆ తరువాత పేరు పెట్టండి. కలవలేదా, వేగం తగ్గించి, మరలు బిగించి, ఇంకొక సున్న.