అతనిని అడిగామా?

ఈ దినము ఆటిజమ్ గల మన బిడ్డలను గూర్చి, జన్యు పరీక్షలలో వారిని గూర్చి తెలియవచ్చిన సంగతులను వారికీ వారి ఇంటివారికీ ఎలా చెప్పాలనే విషయమును గూర్చి కొంచెము ధ్యానించుకుందాం.

యోహాను సువార్త 9వ అధ్యాయము జ్ఞాపకము చేసుకోండి. పుట్టు గ్రుడ్డివాడొకడు త్రోవలో కనబడగానే శిష్యులకు తట్టిన ప్రశ్న ఏమిటి? ఇతనికి ఏ సహాయము చేద్దామని కాదు. తప్పు ఎవరిది, ఇతనిదా, కన్నవారిదా అని! ప్రభువు ఆ నిందను అతని మీదనుండీ తీసివేశాడు, తల్లిదండ్రుల మీదనుండీ తీసివేశాడు.

ఆ శిష్యులవలెనే నేనును మాట్లాడాను. చాలా ఏండ్ల క్రితము ఒక ఇంట ప్రార్థనకు వెళ్లాను. వారి మూడేండ్ల బాబు మాట్లాడడు, పిలిస్తే చూడడు. నేను ఆ తల్లితో, "ఒప్పుకొనని పాపమేదైనా ఉన్నదేమో పరీక్షించుకోమ్మా" అన్నాను. ప్రార్థన ముగించి, కాఫీ త్రాగి వచ్చేశాను. ఆ మాట నేను మరచిపోయాను. ఆమె మరువలేదు.

ఇటువంటి నింద సంఘములోనే కాదు, వైద్యులలోనూ ఉండెను. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజమ్‌ను గూర్చి వ్రాశాడు. ఆ తరువాత చాలాకాలము, తల్లి ప్రేమ చూపనందువల్లనే బిడ్డ ఇలా అయ్యాడని అనేకులు నమ్మారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ తలంపును మరింత వ్యాపింపజేసినది. 1977లో బ్రిటన్‌లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ అనువారు కవల పిల్లలను పరీక్షించారు. అచ్చముగా ఒకే పోలికగల కవలలు 11 జంటలలో 4 జంటలకు ఇద్దరికిద్దరికీ ఆటిజమ్ ఉన్నది. మిగతా రకము కవలలు 10 జంటలలో ఒక్క జంటకైనా అలా లేదు. దీని మూలము పెంపకములో లేదని, పుట్టుకలోనే చాలావరకు ఉన్నదని తేటపడినది.

అయితే మనము ఊరుకున్నామా? పెంపకము తప్పు కాకపోతే ఎవరి రక్తము తప్పు అని అడగడము మొదలుపెట్టాము. "మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుండే వచ్చినది" అంటాము. ప్రియులారా, జన్యువులను ఎవరూ ఏరి తెచ్చుకోరు. కొన్ని మార్పులు తల్లిదండ్రుల నుండి వస్తాయి. కొన్ని ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే క్రొత్తగా కలుగుతాయి. పరీక్ష చేయించుకున్న వారిలో ఎక్కువ మందికి స్పష్టమైన ఒక్క కారణము కనబడనే కనబడదు. అలా కనబడకపోతే ఎవరో దాచిపెట్టారని కాదు.

మరి తెలిసికొన్నందువలన మేలు లేదా? ఉన్నది. పీటెన్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి థైరాయిడ్ మొదలైన చోట్ల క్యాన్సరు రాగల అపాయము ఎక్కువ గనుక, వైద్యులు ముందునుండే కనిపెట్టి చూస్తారు. టి.ఎస్.సి. జన్యువులలో మార్పు ఉంటే మూర్ఛను, మూత్రపిండములను గమనిస్తారు. కాబట్టి పరిశోధకులు సంగతి తెలిసికొని తమ పుస్తకములలో దాచుకొనుట న్యాయము కాదు.

అమెరికాలో 2016లో స్పార్క్ అనే పరిశోధన ఆరంభమైనది. ఆటిజమ్ గల వారు లక్షమందికి పైగా అందులో చేరారు. ఇంటి వద్దనే ఉమ్మి నమూనా ఇస్తారు. ఫలితము తెలిసికోగోరుతున్నారా లేదా అని ముందుగానే అడుగుతారు. ఏదైనా కనబడితే మరల పరీక్షించి నిర్ధారణ చేసికొని, జన్యు సలహాదారుని ద్వారానో వైద్యుని ద్వారానో వివరిస్తారు. అడిగి చెప్పుట, నిర్ధారించి చెప్పుట, ఒంటరిగా విడువక చెప్పుట, ఈ మూడూ మంచి పద్ధతులు.

బ్రిటన్‌లో 2021 ఆగస్టులో స్పెక్ట్రమ్ 10కె అనే పరిశోధన మొదలైనది. పదివేల మంది డి.ఎన్.ఏ. సేకరించాలని తలంచారు. అయితే ఆటిజమ్ గల వారే అనేకులు లేచి, "మా డి.ఎన్.ఏ. దేనికి వాడతారు? మావంటి వారు పుట్టకుండ చేయుటకా?" అని అడిగారు. మరుసటి నెలలోనే ఆ పని ఆపవలసి వచ్చినది. తమ సంగతి తమతో మాట్లాడమని వారు అడిగిన ఆ మాట మనము ఆలకించవద్దా?

ఆ 9వ అధ్యాయములోనే, యూదుల పెద్దలు గ్రుడ్డివాని తల్లిదండ్రులను ప్రశ్నించినప్పుడు, వాడు ఈడు వచ్చినవాడు, వానినే అడగండని వారు చెప్పారు. భయపడి తప్పించుకొనుటకే చెప్పారు. అయినా ఆ మాట నిజమైన మాట!

నేను ప్రార్థించిన ఇంటి బాబు ఇప్పుడు యౌవనస్థుడు. ఒకనాడు ఆ తల్లి రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టినది. "అయ్యగారూ, ఇది మా ఇద్దరిలో లేదంట. వీడిలోనే కొత్తగా వచ్చిందంట. మీరన్న పాపం ఇన్నేళ్లు మోశాను" అన్నది. నేను తల దించుకొని క్షమించమన్నాను. తరువాత, "అబ్బాయికి చెప్పారా అమ్మా?" అని అడిగాను. "వాడికేం అర్థమవుతుంది అయ్యగారూ" అన్నది. అరుగు మీద అటు తిరిగి కూర్చున్న ఆ అబ్బాయి, "దాని మీద ఉంది నా పేరే కదా" అన్నాడు. మేము అతనికి మెల్లగా రెండుసార్లు చదివి వినిపించాము. అంతా విని అతడు, "అయితే అమ్మ తప్పు కాదు" అన్నాడు.

తల్లులారా, తండ్రులారా, పరీక్షకు ముందే మీరు ఏమి తెలిసికోగోరుతున్నారో ఆలోచించండి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగమున్నది. అటువంటి చోట వివరము అడగండి. మీ బిడ్డకు చిన్న మాటలలో, బొమ్మలతోనైనా, వ్రాసియైనా, తొందరపెట్టక చెప్పండి. అతడు మాట్లాడలేకపోవచ్చును, వినలేడని అనుకోకండి. సంఘ కాపరులారా, ఆ రిపోర్టును ప్రార్థన మనవియని చెప్పి అందరి ముందు చదవవద్దు. ఆ ఇంట పెండ్లికెదిగిన ఆడపిల్ల ఉంటే మన నోటి మాట ఆమెకు ఎంత అడ్డము కాగలదో తలంచండి. అది ఎవరికి చెప్పాలో ఆ ఇంటివారే నిర్ణయించుకొందురు గాక.

ఈ వారము అటువంటి ఇల్లు మీ వీధిలో ఉంటే వెళ్లండి. ఎవరి వైపు నుండి వచ్చినదని అడగవద్దు. ఆ బిడ్డ ప్రక్కన కూర్చొని, అతనినే పేరు పెట్టి పలకరించండి. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.